సెల్లార్ చెమ్మ: కట్టెయ్యాలా, కారనివ్వాలా?

హైదరాబాద్ చిక్కడపల్లిలో 1980లలో కట్టిన ఇల్లు. రోడ్డు కన్నా అయిదడుగుల లోతున సెల్లార్. చుట్టూ పద్దెనిమిది అంగుళాల రాతి గోడ, కింద నాలుగంగుళాల కాంక్రీటు, దాని మీద షాబాద్ బండలు. వానలు పడితే చాలు, బండల సందుల్లోంచి నీళ్లు ఊరుతాయి. గోడకు మోకాలెత్తున ఉప్పు పొంగుతుంది. లోపలి నుంచే కట్టేద్దామంటాడు వాటర్‌ప్రూఫింగ్ మేస్త్రి. స్ట్రక్చరల్ ఇంజినీరు ఒప్పుకోదు.

మేస్త్రి: పాత ప్లాస్టరంత చెక్కేసి, సందులల్ల మందు ఎక్కించి మూసేటి గ్రౌటింగ్ జేసి, పాలిమర్ సిమెంట్ రెండు కోట్లు ఏస్తె అయిపాయె మేడమ్. నేలకు గూడ గట్లనే. ఇగ చుక్క రాదు.

ఇంజినీరు: ఆ చుక్క ఎక్కడిదో తేలిందా?

మేస్త్రి: తేలేదేముంది? వాన నీళ్లే.

ఇంజినీరు: కావచ్చు. గోడ అవతలే సంపు ఉంది, దాని నీళ్లూ కావచ్చు. నల్లా వచ్చిన మర్నాడు తడి పెరుగుతోందా అని ఎవరైనా చూశారా? సంపు నింపి, నల్లా వాల్వూ మోటారూ కట్టేసి, నీటిమట్టం దగ్గర గీత గీయండి. ఒక రోజు ఆగి చూడండి. ఆరడుగులకు నాలుగడుగుల సంపులో మట్టం ఒక్క అంగుళం దిగిందంటే యాభై లీటర్ల పైనే భూమిలోకి పోయినట్టు. అది ఈ గోడలోకి కాక ఇంకెక్కడికి పోతుంది?

మేస్త్రి: సంపు కారితె సంపుకు గూడ కోటింగ్ ఏస్తం.

ఇంజినీరు: వెయ్యండి, దానికి నేను అడ్డు చెప్పను. నీళ్లు ఉండే వైపు వేసిన కోటింగే నిలుస్తుంది. సంపు లోపలే నీళ్లుంటాయి కాబట్టి అక్కడది సరైన పని. ఈ గోడకు నీళ్లు అవతల ఉన్నాయి, మీరు ఇవతల పూస్తానంటున్నారు. నీళ్లు వెనక నుంచి తోస్తుంటే ఆ పొర ఎన్నాళ్లు అంటుకుని ఉంటుంది?

మేస్త్రి: గోడ పక్కనే పక్కింటోళ్ల పునాది ఉన్నది. బయట ఎక్కడ తవ్వుతం మేడమ్? అందుకే లోపట జేసుడు. లోపట ఏసుకునే మందులు గూడ ఉన్నయి, క్రిస్టలైన్ అని.

ఇంజినీరు: అది కాంక్రీటుకు. కాంక్రీటులోని సిమెంటుతో కలిసి సన్నని రంధ్రాల్లో స్ఫటికాలు కడుతుంది. రాతితో దానికి పని లేదు. రాయికీ రాయికీ మధ్య గారలో పట్టుకోవాలన్నా, ఆ గార ఇప్పటికే గుల్లబారింది. తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తుంది.

మేస్త్రి: అందుకే గ్రౌటింగ్ అంటున్న. నలభై అయిదు డిగ్రీల వాలుల రంధ్రాలు కొట్టి, మందు ఎక్కించే సన్న గొట్టాలు, ప్యాకర్లు పెట్టి, పీయూ (పాలియురేథేన్) ఎక్కిస్త. నీళ్లు తాకంగనే నురుగై ఉబ్బుతది. కారేటి నీళ్లు కండ్ల ముంగట్నే ఆగుతయి.

ఇంజినీరు: కాంక్రీటు గోడలో ఒక పగులు ఉండి, అక్కడే కారుతుంటే పీయూ మంచి మందు. ఇది బండరాళ్ల గోడ. లోపల చేయి పట్టేంత ఖాళీలు ఉంటాయి. ఎక్కించిన పీయూ ఎటు పోతుందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. డబ్బాలు ఖాళీ అవుతాయి, బిల్లు పెరుగుతుంది. ఇలాంటి గోడకు సిమెంటు పాలు, అంటే నీళ్లలో పల్చగా కలిపిన సిమెంటు, ఎక్కించాలి. అడుగు వరస నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ప్రెషర్ తక్కువ ఉండాలి. తొందరపడి ప్రెషర్ పెంచితే పాత గోడ కడుపు ఉబ్బుతుంది.

మేస్త్రి: సరే, సిమెంటు పాలే ఎక్కిస్త. నేల సంగతి?

ఇంజినీరు: అసలు గొడవ నేల దగ్గరే ఉంది. హైదరాబాద్ కింద గ్రానైట్, దాని మీద మొరం. సెల్లార్ కోసం గోడ కన్నా వెడల్పుగా తవ్వి, గోడ లేచాక ఆ సందులో ఇటుక ముక్కలూ చెత్తమట్టీ నింపారు. వాన నీళ్లు ఆ వదులు మట్టిలోకి సులువుగా దిగుతాయి. కింద బండ ఉంటే ఇంకడానికి దారి లేదు. ఇంటి చుట్టూ కంటికి కనపడని కందకం నిండినట్టే. వాన వెలిశాక కూడా వారాల తరబడి ఊట ఆగదు, ఎందుకంటే వానాకాలం చివర భూగర్భ నీటిమట్టం కూడా పైకి వస్తుంది.

మేస్త్రి: అందుకేగా నేలను గూడ సీల్ జేద్దామనేది.

ఇంజినీరు: చేస్తే ఏమవుతుందో లెక్క చూడండి. నాలుగంగుళాల కాంక్రీటు చదరపు మీటరుకు దాదాపు 240 కిలోలు బరువు. దాని కింది అంచు కన్నా ఒక్క అడుగు ఎత్తున బయట నీళ్లు నిలిస్తే, కింది నుంచి తోసే బలం చదరపు మీటరుకు 300 కిలోలు. ఇప్పుడు సందుల్లోంచి ఊరిపోతోంది కాబట్టి నేల బతికింది. ఆ సందులు మీరు మూస్తే నేల మధ్యలో లేచి పగులుతుంది.

మేస్త్రి: రాడ్లు కట్టి ఇంకో ఆరంగుళాల స్లాబు పోద్దాం.

ఇంజినీరు: మరో 360 కిలోలు. రెండూ కలిపి 600, అంటే రెండడుగుల నీటికి సరిగ్గా సరిపోతుంది, అంతే. మూడో అడుగు నిలిస్తే? గోడకు రాడ్లు దింపి పట్టించాలి, రాతి గోడలో ఆ పట్టు నమ్మలేం. పైగా స్లాబు పోస్తే తల దూలానికి తగులుతుంది.

(మేస్త్రి టేపు తీసి నేల నుంచి దూలం దాకా కొలిచాడు. స్లాబు మాట మళ్లీ ఎత్తలేదు.)

మేస్త్రి: అయితే మీరేం జేస్తరో చెప్పుర్రి.

ఇంజినీరు: నీళ్లకు దారి ఇస్తాను. గోడ వెంట ఒక వరస బండలు తీసి, ఎనిమిదంగుళాల వెడల్పు, పదంగుళాల లోతు కాలువ. గోడ పునాది అట్టడుగు కన్నా కిందికి మాత్రం పోకూడదు. అందులో జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, నాలుగంగుళాల చిల్లుల పైపు, చుట్టూ 20 మిల్లీమీటర్ల కంకర, పైన గుడ్డ మడిచేయాలి. పదడుగులకు అంగుళంపావు వాలు. మూలన రెండడుగుల చదరం, మూడడుగుల లోతు గుంత. అందులో అర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ పంపు, నీళ్లు పెరగ్గానే దాన్ని నడిపే ఫ్లోట్ స్విచ్, నీళ్లు వెనక్కి రాకుండా పైపుకు నాన్ రిటర్న్ వాల్వు. ఎత్తిన నీళ్లు వాన నీటి కాలువలోకి పోవాలి, డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లోకి కాదు.

మేస్త్రి: గుడ్డ ఎందుకు? కంకర చాలదా?

ఇంజినీరు: మట్టి వచ్చి పైపు పూడుతుంది. అంతకన్నా ముఖ్యం, పంపు తోడే నీళ్లు తేటగా ఉండాలి. బురదగానో ఇసుకతోనో వచ్చాయంటే పునాది కింది మట్టి కొట్టుకొస్తోందన్న మాట. అప్పుడు పంపు ఆపేసి, ఎక్కడినుంచి వస్తోందో తేల్చాకే మళ్లీ నడపాలి.

మేస్త్రి: మంచిగనే ఉన్నది. గని పెద్ద వాన పడ్డ రోజే కరెంటు పోతది. 2020 అక్టోబర్ల ఎన్ని సెల్లార్లు మునిగినయో సిటీ అంత చూసింది. మీరు పోయినంక ఈ పంపును ఎవరు చూస్తరు? ఎండాకాలమంత నడవక జామ్ అయి ఉంటది, జూన్‌ల స్విచ్ ఏస్తె గుర్రుమంటది. కోటింగ్‌కు కరెంటు అక్కర్లేదు.

ఇంజినీరు: అది ఒప్పుకుంటాను. అందుకే పంపును చివరి వరసలో పెట్టాలి, ముందు దాని పని తగ్గించాలి. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే 900 లీటర్ల పైమాట. ఇక్కడ ఆ నీళ్లు నాలుగు పైపుల్లోంచి నేరుగా గోడ మొదట్లో పడుతున్నాయి. వాటిని పైపుతో గేటు దాకా తీసుకుపోవాలి. గోడ చుట్టూ ఖాళీ ఉన్నంత మేర మూడడుగుల వెడల్పున, అడుగుకు అర అంగుళం బయటికి వాలేలా కాంక్రీటు పొయ్యాలి.

మేస్త్రి: ఇంకుడు గుంత ఉన్నది గదా? డాబా నీళ్లు దాంట్లకు ఇడిస్తె సరిపోతది.

ఇంజినీరు: గోడకు మూడడుగుల దూరంలో ఉంది! కందకానికి నీళ్లు మనమే తెచ్చి పోస్తున్నాం. ఇంకుడు గుంత మంచిదే, కానీ సెల్లార్ ఉన్న ఇంటికి కనీసం పదడుగులైనా దూరం ఉండాలి. ఇంత చిన్న జాగాలో గేటు పక్క మూల తప్ప ఇంకోచోటు లేదు.

మేస్త్రి: ర్యాంపు మరిచిండ్రు. రోడ్డు మీద పొర మీద పొర ఏసి, ఇప్పుడు రోడ్డే గేటు కన్నా ఎత్తున్నది. గేటు కాడ తొమ్మిదంగుళాల హంపు, దాని లోపటి దిక్కు అడ్డంగ జాలీ మోరి. అవి లేకుంటె మీ కాలువ గిట్ల ఏం పనిచెయ్యది.

ఇంజినీరు: నిజం. సెల్లార్ బాత్రూం లైనుకు కూడా నాన్ రిటర్న్ వాల్వు ఉండాలి, లేకపోతే మ్యాన్‌హోల్ నిండిన రోజు మురుగు వెనక్కి తంతుంది. కరెంటు మీటర్ల బోర్డు మాత్రం వెంటనే పైకి మార్చండి, మిగతా పని ఆలస్యమైనా సరే.

మేస్త్రి: ఇవన్ని చేసినంక గోడకు కోటింగ్ ఏస్తమా, వెయ్యమా?

ఇంజినీరు: గోడ ఆరనివ్వండి. రెండడుగుల చదరం ప్లాస్టిక్ షీటు నాలుగు అంచులా టేపు వేసి అంటించి రెండ్రోజులు ఉంచండి. షీటు వెనక తడి ఉంటే నీళ్లు ఇంకా గోడలోంచే వస్తున్నాయి. గదివైపు తడి ఉంటే అది గాలిలోని చెమ్మ, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్‌తో పోతుంది. తడి గోడకు పుట్టీ, పెయింటూ వేస్తే చెమ్మ మోకాలెత్తు నుంచి నడుమెత్తుకు ఎక్కుతుంది, అంతే.

మేస్త్రి: ఆరినంక ఏస్తే మాత్రం నేనే ఏస్త. గోడ నేల కలిసే మూలను గుండ్రంగ దిద్దేటి రెండంగుళాల గోళా, సిమెంటు ఒకటికి ఇసుక మూడు పాళ్ల గారతోని.

ఇంజినీరు: కాలువ వైపు దారి మూయకుండా వెయ్యండి. కారే చోట్లకు ఇప్పుడే సుద్దతో గుర్తులు పెట్టండి, సిమెంటు పాలు ఎండాకాలంలో ఎక్కిద్దాం.

మేస్త్రి: ఎండాకాలం దాక పైసలు ఎవరు ఆపుతరు? ఇప్పుడు నీళ్లు కండ్లకు కనవడుతున్నయి కాబట్టి పని ఇస్తరు. మార్చిల గోడ పొడిగుంటె, ఏమయింది మంచిగనే ఉన్నదిగా అంటరు.

ఇంజినీరు: కాలువ, పైపులు, హంపు ఇప్పుడే మొదలుపెట్టండి. వాటికి ఎండాకాలం అక్కర్లేదు.

మేస్త్రి: పంపు ఒక్కటి గాదు, రెండు పెట్టుర్రి. ఇన్వర్టర్ మీద ఒకటి.

ఇంజినీరు: రెండో దాని ఫ్లోట్ ఆరంగుళాలు పైన కట్టండి, మొదటిది ఆగితేనే అది నడవాలి. రెండింటికీ, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ట్రిప్ స్విచ్ తప్పనిసరి. నెలకోసారి గుంతలో ఫ్లోట్ లేచేదాకా నీళ్లు పోసి, మొదటిది ఆపి రెండోది కూడా, ఎత్తుతున్నాయో లేదో చూడాలి, ఏప్రిల్‌లో కూడా.