ఎన్‌సీ గారికి, కడప నుంచి

నాన్ కమర్షియల్, అంటే ‘వ్యాపారానికి వాడకూడదు’ అనే లైసెన్సు షరతే పూర్తి పేరుగా గల శ్రీయుత ఎన్‌సీ గారికి,
కేరాఫ్ పేజీ అడుగున, బూడిద రంగు చిన్నక్షరాలు.

అయ్యా, నమస్కారం.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు కూర్చుని ఆరున్నరకు లేచాను. మధ్యలో ఒకసారి కరెంటు పోయింది, ఫోన్‌లో డేటా అయిపోయింది. అయినా 22 పేజీల అడ్వెంచర్‌ను, అంటే బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్రగా ఆడే ఆటకు రాసిన కథను, తెలుగులోకి దించాను. అందులోని గాబ్లిన్ అనే చిన్న భూతాన్ని తెలుగులో ఏమనాలా అని అరగంట తల గోక్కుని, చివరికి గాబ్లిన్ అనే ఉంచేశాను. అంతా అయ్యాక మూలం వివరాలు మేమంతా కలిసి రాసుకునే సైటు, అదే మా వికీలో ఎక్కిద్దామని ఆ పేజీని కిందికి జరిపితే తమరు కనిపించారు. సీసీ బై, అంటే పేరు చెప్పి వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, పక్కన ఒక అడ్డగీత, ఆ తర్వాత తమరు.

మా వికీది సీసీ బై-ఎస్ఏ. పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, మార్చినదాన్ని అదే షరతు మీద పంచితే చాలు, ఎస్ఏ అంటే అదే. తమరు కూర్చున్న చోట ఆ మాట చెప్పడానికి లేదు. అందుకని 22 పేజీలూ డిలీట్. బటన్ నొక్కింది కూడా నేనే.

ముందే చూసుకోవాల్సింది, ఒప్పుకుంటాను. కానీ పైన ‘ఫ్రీ’ అని సినిమా పోస్టరంత అక్షరాలు, కింద చీమంత తమరు!

పోనీ తమరి షరతైనా తిన్నగా ఉందా? ‘ప్రధానంగా’ వ్యాపార లాభానికో డబ్బుకో ఉద్దేశించినది కాకూడదంటారు. మేం ఆడేది ఏడు రోడ్ల దగ్గర ఒక టీ అంగడి మేడ మీద. నాలుగు గంటలు కూర్చుంటే తలా రెండు టీలు తాగి తీరాలి, అది అంగడి అన్న రూలు. ఆ టీ వ్యాపారమా, కాదా? మా పాత్రల వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్లు తీసే జిరాక్సాయన పేజీకి రెండు రూపాయలు తీసుకుంటాడు. ఆయన దోషా? ఈ వాదనకు ఇంకో సాయంత్రం పోయింది. చివరికి తేలిందేమంటే, ఇదే గొడవ అమెరికాలో అప్పీలు కోర్టు దాకా పోయిందట. బడుల కోసం ఎన్‌సీ పాఠాలకు నకళ్లు తీసి డబ్బు తీసుకున్న ఫెడెక్స్ తప్పేమీ చేయలేదని 2018లో తీర్పు వచ్చింది. మా జిరాక్సాయనకు ఈ శుభవార్త చెబితే, “రెండు రూపాయలకి అంత దూరం పోయినారాప్పా?” అన్నాడు.

మీ తమ్ముడు ఎన్‌డీతో, అదే నో డెరివేటివ్స్ షరతుతో, నాకు పేచీ లేదు. అనువాదం చేసి పంచడానికి వీల్లేదని మొహం మీదే చెబుతాడు, ట్యాబ్ మూసేసి పోతాం. తమరలా కాదు. లోపలికి పిలిచి, ఆకు వేసి, అన్నం కలుపుకున్నాక చెయ్యి పట్టుకుంటారు.

అసలు మంట ఇక్కడ. ఇలాంటి ఆటల్లో పేరుమోసిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ కంపెనీ 2000లో తన రూల్స్‌ను ఇతరులు వాడుకోనిచ్చే ఓపెన్ గేమ్ లైసెన్సు ఇచ్చి, 2023 జనవరిలో దాన్ని మార్చేయబోయింది. ముసాయిదా బయటపడి ఆడేవాళ్లంతా గోల చేస్తే, అదే నెలలో 5.1 రూల్స్ పత్రాన్ని సీసీ బై 4.0 కింద వదిలేసింది. ఎన్‌సీ లేదు, అమ్ముకోండి పొమ్మంది. అంత పెద్ద కంపెనీకి లేని కాపలా, ఎవరో ఒంటరిగా రాసుకున్న 22 పేజీలకెందుకు సార్?

ఆ రచయిత భయం నాకు తెలుసు. తన కథను ఎవడో పెద్దోడు అచ్చేసి అమ్ముకుంటాడని. దానికి ఎస్ఏ ఉంది కదా! మార్చి అమ్మినోడు తన మార్పులు కూడా అందరికీ వదలాల్సిందే. అది చాలదా? కడపలో గాబ్లిన్ కథ అమ్మి మేడ కట్టినోడిని ఒక్కడిని చూపించు. ఒక్కడిని! తెలుగులో చదివేవాళ్లే పది మంది లేరు, వాళ్ల నోటి దగ్గర కూడా తీసేసుకుంటివి. నీకేం పోయిందయ్యా?

క్షమించాలి, మర్యాద తప్పాను. బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి తాటాకులకు నకళ్లు రాయించిన ఊరు మాది. ప్రతి తాటాకు అడుగునా తమరుండి ఉంటే ఆ జీతాలు ‘ప్రధానంగా’ దేనికని అడిగేవారేమో.

ఆ రచయితకు మెయిలు పెట్టాను. ఆయన విడిగా సరేనంటే తమరి అడ్డు ఉండదు. జవాబు రాలేదు.

ఈలోగా అవ్వ దగ్గర కూర్చుని పులిజూదం పేజీ రాస్తున్నాను. అరుగు మీది కడప బండపై ఆమె సుద్దతో గీసిన గీతలు, 3 పులులు, 15 మేకలు. ఆట పద్ధతి మీద ఎవరికీ కాపీరైటు ఉండదు, రాసే మాటలు నావి. అయినా మా వికీ మూలకర్త పేరు లేనిదే పేజీని సేవ్ చేయనివ్వదు, ఆ టెంప్లేటు పెట్టింది కూడా నేనే. అవ్వను అడిగితే, “కనిపెట్టినోళ్లు ఎవురో నాకేం తెలుసురా అబ్బీ, నేర్పింది మా మేనత్త, ఆమె పేరు ఎయ్యి” అనింది. వేశాను.

ఇక ఉంటాను. మేకలు 13 ఉన్నాయంట, ఇంకో రెండు చింతగింజలు వెతకాలి.