పది అంకెలు చెరపమంటే

అడిగింది ఇంతే. ఐఫోన్ 15 సిమ్యులేటర్‌లో, అంటే కంప్యూటర్ మీద నడిచే నకిలీ ఫోన్‌లో, ప్రొఫైల్ పేజీ తెరిచి ఉంది. మొబైల్ నంబర్ గడిలో పాత పది అంకెలున్నాయి. అవి క్లియర్ చేసి కొత్తవి కొట్టాలి. పని అప్పగించింది ఏఐ ఏజెంట్‌కి. దాని చేతిలో పదకొండు టూల్స్ ఉన్నాయి, ఏది ఎప్పుడు వాడాలో అది తెలుసుకునేది వాటి డిస్క్రిప్షన్లు చదివే. అందులో ఒకదాని పేరు అక్షరాలా 'క్లియర్'. దాని డిస్క్రిప్షన్: "సిమ్యులేటర్‌ను క్లియర్ చేస్తుంది." పేరునే తిప్పి వాక్యం చేసి, ముగ్గురు చూసి, బాగుందని పచ్చజెండా ఊపిన రచన అది.

ఆ టూల్ కింద నడిచేది సిమ్యులేటర్లని నడిపే ఆపిల్ కమాండ్ సిమ్‌సీటీఎల్‌లోని ఎరేజ్. అంటే యాప్‌లు, వాటి డేటా, ఫొటోలు, సెట్టింగులు సమస్తం తుడిచేసి, ఫోన్‌ని డబ్బాలోంచి ఇప్పుడే తీసినట్టు చేసే కమాండ్.

అయినా గండం అక్కడే గట్టెక్కాలి. ఎందుకంటే నడుస్తున్న సిమ్యులేటర్‌ని ఎరేజ్ చెయ్యనివ్వదు. బూటెడ్ స్థితిలో, అంటే ఆన్‌లో ఉంది, చెరపడం కుదరదు అని ఎర్రర్ ఇచ్చేస్తుంది. ఇచ్చింది కూడా. మనిషైతే ఇక్కడ ఆగి, పది అంకెలకి ఇంత రాద్ధాంతం ఏమిటని బుర్ర గోక్కుంటాడు. ఏజెంట్‌కి బుర్ర గోక్కునే టూల్ ఇవ్వలేదు కదా! దానికి ఆ ఎర్రర్ హెచ్చరికలా కాదు, తర్వాత ఏం చెయ్యాలో చెప్పే చీటీలా కనిపించింది. షట్‌డౌన్ టూల్ వెతికింది. ఖర్మ కాలి దాని డిస్క్రిప్షన్ మాత్రం లక్షణంగా రాసి ఉంది: ఎప్పుడు వాడాలి, ఏ యూడీఐడీ (ఒక్కో సిమ్యులేటర్‌కి ఉండే గుర్తింపు కోడ్) ఇవ్వాలి, ఎంతసేపు ఆగాలి, అన్నీ. తు.చ. తప్పకుండా పాటించి ఆపింది. ఎరేజ్ చేసింది. మళ్లీ బూట్ చేసింది. స్క్రీన్‌షాట్ తీసి, ఖాళీ హోమ్ స్క్రీన్ చూసుకుని, నివేదిక సమర్పించింది: "మొబైల్ నంబర్ గడిలో పాత నంబరు ఇప్పుడు లేదు. కొత్త నంబరు కోసం గడిని వెతుకుతున్నాను."

అబద్ధం అనడానికి లేదు. పాత నంబరు నిజంగానే లేదు. గడీ లేదు. యాప్ లేదు. లాగిన్ లేదు, టెస్ట్ సర్టిఫికెట్ లేదు, పొద్దున్నుంచీ ఒక్కొక్కటే ఎక్కించిన శాంపిల్ ఫొటోలూ లేవు. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాడికి కనీసం కోపమైనా ఉంది. ఇక్కడ అదీ లేదు, ఎంతో మర్యాదగా తగలబెట్టింది. పలక తుడవమంటే బడి పడగొట్టి, పలక మీద గీత కూడా మిగల్లేదు చూసుకోండి అన్నట్టు.

"డిస్క్రిప్షన్లు ఒక్క లైను దాటొద్దు, టోకెన్లు ఊరికే రావు" అని, ఏజెంట్ చదివే ఒక్కో మాట ముక్కకీ పడే ఖర్చు లెక్కపెట్టి రివ్యూలో రాసిన పెద్దమనిషి మాత్రం ఆ సాయంత్రం ఆన్‌లైన్‌లో లేరు.

ఆ 'క్లియర్' టూల్‌కి మేం పెట్టిన కొత్త పేరు 'ఎరేజ్_డివైస్'. డిస్క్రిప్షన్ ఇప్పుడు ఇలా ఉంది: "ఈ యూడీఐడీ ఉన్న సిమ్యులేటర్‌లోని యాప్‌లు, డేటా, సెట్టింగులు మొత్తం చెరిపేస్తుంది. పోయింది తిరిగి రాదు. డివైస్ మొత్తం చెరపమని మనిషి స్పష్టంగా అడిగితేనే వాడాలి. గడిలో అక్షరాలు మార్చడానికి టైప్_టెక్స్ట్ వాడు. ఒక్క యాప్ డేటా పోవాలంటే ఆ యాప్‌ని అన్‌ఇన్‌స్టాల్ చెయ్యి." ఎప్పుడు వాడకూడదో, బదులుగా ఏది వాడాలో చెప్పే ఆ చివరి రెండు వాక్యాలే అసలు సరుకు. పెద్దమనిషి కొట్టేయమనేదీ వాటినే.

యూడీఐడీ అంటే 36 అక్షరాలదే తీసుకుంటుంది. 'బూటెడ్' అని రాస్తే ఒప్పుకోదు, ఎందుకంటే రెండు సిమ్యులేటర్లు నడుస్తుంటే సిమ్‌సీటీఎల్ వాటిలో ఏదో ఒకటి తనే ఎంచుకుంటుంది. 'ఆల్' అసలే కుదరదు, అది కిందికి నేరుగా వెళ్తే ఉన్నవన్నీ ఊడ్చుకుపోతాయి. ఎర్రర్ మాట కూడా మారింది: "డివైస్ నడుస్తోంది. ఇక్కడే ఆగి, మొత్తం చెరపాలా అని మనిషిని అడుగు." ఏజెంట్లకి టూల్స్ తగిలించే ప్రమాణం ఎంసీపీలో, ఈ టూల్ చెరిపేసే రకమని చెప్పే డిస్ట్రక్టివ్‌హింట్ అనే గుర్తు ఉందిగా అంటారు. ఉంది, పెట్టాం కూడా. పేరులోనే హింట్ అని ఉంది, తాళం అని లేదు. అందుకని మనిషి ఊఁ అంటే తప్ప కమాండ్ కదలకుండా కోడ్‌లోనే కట్టేశాం.

యాప్ మళ్లీ ఎక్కించి, లాగిన్ చేసి, అదే పని మళ్లీ అప్పగిస్తే ఈసారి ఎరేజ్ జోలికే పోలేదు. బుద్ధిగా స్క్రీన్‌షాట్ తీసి, కొలత చూసుకుని, గడి మీద నొక్కడానికి ట్యాప్ టూల్ అందుకుంది. దాని డిస్క్రిప్షన్: "ఎక్స్, వై దగ్గర నొక్కుతుంది." స్క్రీన్‌షాట్ వచ్చేది పిక్సెల్స్‌లో, 1179×2556. ట్యాప్ తీసుకునేది పాయింట్లలో, 393×852. మూడుతో భాగించాలని ఎవరూ రాయలేదు. ఏజెంట్ 590, 1400 దగ్గర నొక్కుతోంది. అంటే ఫోన్ అడుగంచు దాటి ఇంకా కింద, గాల్లో.

ప్రస్తుతం పంతొమ్మిదో నొక్కు నడుస్తోంది. ప్రతిదానికీ టూల్ 'ఓకే' అనే చెబుతోంది.