మూలకణానికి దారి తెలుసంట

పోయినేడు మా పెద్దనాయనకు పచ్చవాతమొచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయినాయి, నోరు వంకరపోయింది. పొద్దున ఆరింటికి పడితే సాయంత్రం నాలుగింటికి కడప ఆస్పత్రికి చేర్చినాం. మధ్యలో ఏం చేసినారంటారా, సలహాలు తీసుకున్నాం. రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపల పడాలంట, నిమిషానికి దగ్గర దగ్గర 19 లక్షల మెదడు కణాలు చచ్చిపోతాయంట, ఐతే మాత్రం ఊర్లో పెద్దమనుషుల మాట పూర్తిగా వినకుండా ఆంబులెన్స్ ఎక్కేదానికి మనమేమన్నా మర్యాద తెలీనోళ్లమా?

పోయిన కణాల సంగతి ఒదిలేయండి, కొత్తవి కొనుక్కోవచ్చు. ఆ మాట చెప్పింది మూలకణాల వైద్యం చేసే క్లినిక్ కోఆర్డినేటర్ ఒకడు, డాక్టర్ కాదు గానీ డాక్టర్ కంటే తెల్లచొక్కా. "అన్నా, తుంటి ఎముకలో మజ్జ తీసి ఎక్కిస్తాం, దాంట్లో మూలకణాలు, అంటే వేరే రకం కణాలుగా మారగలిగే కణాలు, వాటంతట అవే మెదడుకు పోయి రిపేరు చేస్తాయి" అన్నాడు. కడపలో పుట్టి పెరిగినోడికే ఏడు రోడ్ల కాడ ఏ రోడ్డెక్కాల్నో తికమక, తుంటిలో పుట్టిన కణం మాత్రం ఎవర్నీ అడక్కుండా మెదడు దాకా పోతాదంట, ఎంత తెలివో చూడండి.

గిట్టనోళ్లు ఉంటారు లెండి. మన దేశంలోనే పచ్చవాతమొచ్చిన 120 మంది మీద ట్రయల్ చేసి 2014లో ఫలితాలు చెప్పినారు, సొంత మజ్జ కణాలు ఎక్కించినోళ్లకూ ఎక్కించనోళ్లకూ ఆర్నెల్ల తర్వాత తేడా కనబళ్లేదని. కీడు లేదు, మేలూ లేదు. దేశంలో వైద్య పరిశోధనలు చూసే ఐసీఎంఆర్ 2017 గైడ్‌లైన్స్‌లో ఇంకా ఘోరం, రక్తం జబ్బుల్లాంటి వాటికి చేసే మజ్జ మార్పిడి తప్ప మిగతాదంతా ట్రయల్‌గానే చెయ్యాల, బయట చేస్తే తప్పు అని రాసిపెట్టినారు. పరిశోధన జరగతా ఉందంట, జరగనీ, మనకు మాత్రం రెండెకరాల చీనీ తోట అమ్మేదాకా నిద్రపట్టదు.

పెద్దమ్మకే ఈ సైన్సు ఎక్కలేదు. ఫిజియో చెప్పినట్టు రోజూ మూడుపూటలా ఆయన కుడిచేతిలో ఒక చీనీకాయ పెట్టి, వేళ్లు ఒక్కోటే మడిచి, "పట్టుకో, ఇడ్సద్దు" అంటాది. మొదట్లో ఆ కాయ జారి మంచం కిందికి దొర్లేది, మనవడు దూరి తెచ్చేవాడు. మూడో నెలకు పది లెక్కపెట్టేదాకా పట్టుకున్నాడు. దీనికి బ్రోచర్ లేదు, ప్యాకేజీ లేదు, ఎవరు నమ్ముతారు చెప్పండి?

కాయ మా తోటదే, ఇంకా అమ్మలేదు. కోఆర్డినేటర్ రోజూ ఫోన్ చేస్తాండాడు, ఆఫర్ ఆదివారం దాకేనంట.