జాన్ అసలు పేరు యోహానాన్

పిల్లల పేర్ల మీద వ్యాసం బాగుంది కానీ, జాన్‌ను ‘ఇంగ్లీషు పేరు’ అనేసి వదిలేయడం నాకు నచ్చలేదండీ. దాని మూలం హీబ్రూలోని యోహానాన్. ‘యెహోవా కృప చూపాడు’ అని అర్థం. హన్నా అనే పేరులో ఉన్నదీ ఆ కృప ధాతువే. యోహానాన్ గ్రీకు మీదుగా వెళ్లి స్పానిష్‌లో హువాన్, రష్యన్‌లో ఇవాన్, ఐరిష్‌లో షాన్ అయింది. మన తెలుగు బైబిల్లోని యోహాను మాత్రం మూలానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి!

లూకా సువార్త మొదటి అధ్యాయంలో బంధువులంతా బిడ్డకు తండ్రి పేరే పెట్టబోతారు. తల్లి ఎలీసబెతు ఒప్పుకోదు, యోహాను అని పెట్టాలంటుంది. మీ వాళ్లలో ఈ పేరు ఎవరికీ లేదే అంటారు వాళ్లు. మాట పడిపోయిన తండ్రి జెకర్యా పలక తెప్పించుకుని, బిడ్డ పేరు యోహాను అని రాస్తాడు. ఆడపిల్లలకు పెట్టే జోవన్నా, జేన్ కూడా దీన్నుంచి వచ్చినవే. ఈ వివరాలు వ్యాసంలో దయచేసి చేర్చండి.