శస్త్రచికిత్సకు ముందు ఏడాది ఆగాలన్న వాదన: ఒక ఖండన

ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమ శరీరాన్ని లింగ అస్తిత్వానికి (తాము స్త్రీయా, పురుషుడా అన్న స్వీయ భావనకు) అనుగుణంగా మార్చుకునేందుకు చేయించుకునే శస్త్రచికిత్సల గురించి ఒక వాదనను ఈ మధ్య చాలామంది పంచుకుంటున్నారు. దాని సారాంశం ఇది: శస్త్రచికిత్స కోరే ప్రతి ఒక్కరూ కనీసం ఏడాది పాటు తప్పనిసరిగా ఆగాలి, వైద్యశాస్త్రం చెబుతున్నదీ అదే, చేయించుకున్నవారిలో ఎక్కువమంది తర్వాత పశ్చాత్తాపపడుతున్నారు, ఏడాది ఆగితే ఎవరికీ పోయేదేమీ లేదు, పిల్లలను కాపాడుకోవాలన్నా ఇదే మార్గం, తిరిగి సరిదిద్దుకోలేని ఏ ఆపరేషన్‌కైనా ఇటువంటి గడువు ఉండేదే. ఈ మాటల్లో కొంత నిజం కలిసి ఉంది గనుకనే ఒక్కొక్కదాన్నీ విడదీసి చూడవలసి వస్తోంది.

మొదటిది, వైద్యశాస్త్రం ఏడాది ఆగమంటోందన్నది. ఇది పాత సమాచారం. ప్రపంచ ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య నిపుణుల సంఘం (డబ్ల్యూపాథ్) మార్గదర్శకాల తొలి కూర్పు 1979 నాటిది. 2011లో వెలువడిన ఏడవ కూర్పులో, జననాంగాల పునర్నిర్మాణానికి ముందు 12 నెలల హార్మోన్ చికిత్స, కోరుకున్న లింగ అస్తిత్వంతో 12 నెలల బహిరంగ జీవనం, ఇద్దరు నిపుణుల సిఫారసు లేఖలు ఉండాలన్న షరతులు నిజంగానే ఉన్నాయి. 2022 నాటి ఎనిమిదవ కూర్పు పెద్దల విషయంలో ఆ బహిరంగ జీవనపు షరతును తొలగించింది, ఒక్క లేఖ చాలునంది, వృషణాలు లేదా అండాశయాలు తొలగించే ముందు హార్మోన్ చికిత్స కనీసం ఆరు నెలలు సాగితే మంచిదని సూచించింది. తొలగించనిది మదింపు. లింగ అస్తిత్వ భావన నిలకడగా ఉందా, ఫలితాలూ ప్రమాదాలూ తెలిసి సమ్మతించే స్థితిలో వ్యక్తి ఉన్నారా అన్న పరిశీలన నేటికీ తప్పనిసరే.

ఆగడానికి శరీరంలోనే కారణం ఉన్న సందర్భాలూ ఉన్నాయి. ట్రాన్స్ మహిళలు (పుట్టినప్పుడు మగవారిగా నమోదైనవారు) ఈస్ట్రోజన్ అనే స్త్రీ హార్మోన్ మొదలుపెట్టాక రొమ్ముల ఎదుగుదల పూర్తి కావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అంతకు చాలా ముందే ఇంప్లాంట్లు పెడితే పరిమాణం విషయంలో అంచనా తప్పవచ్చు. యోని నిర్మాణానికి వాడే చర్మం మీది రోమాలను ముందుగా శాశ్వతంగా తొలగించకపోతే అవి తర్వాత లోపల పెరిగి బాధిస్తాయి. రోమాలన్నీ ఒకేసారి మొలవవు గనుక ఆ పనికే నెలల తరబడి విడతలు కావాలి. ఇటువంటి నిరీక్షణ ఎందుకో రోగికి చెప్పవచ్చు, ఎప్పుడు ముగుస్తుందో కూడా చెప్పవచ్చు. అందరికీ ఒకే కొలతగా పెట్టిన 12 నెలలకు అటువంటి సమాధానం లేదు.

రెండవది పశ్చాత్తాపం, ఈ వాదనకు అసలు ఊపిరి ఇదే. 2021లో ప్రచురితమైన ఒక సమీక్ష 27 అధ్యయనాల్లోని 7,928 మంది వివరాలను కలిపి చూసి, పశ్చాత్తాపపడినవారు దాదాపు 1 శాతమని తేల్చింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని క్లినిక్‌కు 1972 నుంచి 2015 వరకు వచ్చిన 6,793 మంది రికార్డులను పరిశీలించినప్పుడు, వృషణాలు తొలగించుకున్న ట్రాన్స్ మహిళల్లో 0.6 శాతం, అండాశయాలు తొలగించుకున్న ట్రాన్స్ పురుషుల్లో (పుట్టినప్పుడు ఆడవారిగా నమోదైనవారిలో) 0.3 శాతం మంది పశ్చాత్తాపపడినట్లు తేలింది. ఈ అంకెలకు లోపాలు ఉన్నాయి. కొందరు తర్వాత క్లినిక్‌కు రాకపోవడంతో వారి సంగతి తెలియలేదు; అధ్యయనాలన్నీ పశ్చాత్తాపాన్ని ఒకే విధంగా కొలవలేదు. ఎంత ఉదారంగా సవరించినా "ఎక్కువమంది" అనే మాటకు మాత్రం ఇవి ఆధారం కాలేవు.

ఇక్కడ ఎదుటివారు అడగదగిన గట్టి ప్రశ్న ఒకటి ఉంది: ఆ కాలంలో నిరీక్షణ నిబంధనలు అమల్లో ఉన్నందువల్లనే పశ్చాత్తాపం అంత తక్కువగా ఉందేమో కదా? న్యాయమైన ప్రశ్నే. అయితే అప్పుడు గడువుతో పాటు నిపుణుల మదింపు కూడా ఉంది గనుక, ఫలితం దేనివల్ల వచ్చిందో ఈ అంకెలను బట్టి ఎవరూ తేల్చలేరు. నిరీక్షణ అక్కర్లేదనడానికి వీటిని ఒక్కటే చూపేవారికి కూడా ఇదే వర్తిస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ అధ్యయనంలోనే మరో వివరం ఉంది. పశ్చాత్తాపం బయటపడడానికి సగటున 130 నెలలు, అంటే దాదాపు పదకొండేళ్లు పట్టింది, కొందరి విషయంలో దానికి కారణం బంధువులూ సమాజమూ దూరం పెట్టడం. పదేళ్లు దాటాక తలెత్తే బాధను, అందులోనూ ఇతరుల ప్రవర్తన వల్ల కలిగేదాన్ని, ముందు పెట్టిన ఏడాది గడువు ఎలా పసిగడుతుందో వాదన చేసేవారు చెప్పాలి.

మూడవది, ఆగితే పోయేదేమీ లేదన్నది. ఈ మాట అనేవారు ఆ ఏడాదిని ఖాళీ కాలంగా ఊహించుకుంటున్నారు. ట్రాన్స్ మహిళలు పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను అణచడానికి తరచుగా వాడే స్పైరోనోలాక్టోన్ అనే మందు రక్తంలో పొటాషియంను పెంచగలదు గనుక పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. అదే పనికి వాడే మరో మందు సైప్రోటిరోన్ ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే మెదడు పొరల్లో మెనింజియోమా అనే కణితి వచ్చే ముప్పు ఉందని ఐరోపా ఔషధ సంస్థ 2020లో దాని వాడకాన్ని పరిమితం చేసింది. వృషణాలు తొలగించాక ఈ మందుల అవసరమే సాధారణంగా ఉండదు. ఛాతీ శస్త్రచికిత్స కోసం ఎదురుచూసే ట్రాన్స్ పురుషులు రోజూ గంటల తరబడి బైండర్ (ఛాతీని చదునుగా కనిపించేలా చేసే బిగుతు వస్త్రం) బిగించుకుని వెన్నునొప్పి, పక్కటెముకల నొప్పి, ఊపిరి అందకపోవడం వంటివి భరిస్తుంటారు. పైగా నిబంధన లేకపోయినా నిరీక్షణ ఉండనే ఉంది: ఇంగ్లండ్‌లో 18 వారాల్లో చికిత్స మొదలవాలన్న లక్ష్యం కాగితం మీద ఉన్నా, ట్రాన్స్‌జెండర్ సేవలందించే క్లినిక్‌లలో తొలి అపాయింట్‌మెంట్‌కే ఏళ్లు పడుతోంది. ఆ వరుసలో గడిచిన కాలాన్ని లెక్కలోకి తీసుకోకుండా కొత్తగా మరో ఏడాది చేర్చడాన్ని జాగ్రత్త అనలేము.

పిల్లల ప్రస్తావన ఇక్కడ పక్కదారి పట్టిస్తుంది. కౌమార వయస్కులకు ఎనిమిదవ కూర్పులో వేరే అధ్యాయమే ఉంది, వారికి 12 నెలల హార్మోన్ చికిత్స సూచన కూడా ఉంది. ఇంగ్లండ్‌లో 2024లో వెలువడిన కాస్ నివేదిక (పిల్లల వైద్యురాలు హిలరీ కాస్ రూపొందించినది) పిల్లలకూ యువతకూ అందే లింగ అస్తిత్వ సేవలను పరిశీలించింది. పెద్దల శస్త్రచికిత్సలకు గడువు పెట్టాలనడానికి దాన్ని సాక్ష్యంగా చూపలేరు.

చివరిది, ఇతర ఆపరేషన్లతో పోలిక. అమెరికాలో పేదలకు ప్రభుత్వం అందించే ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కింద స్త్రీలు ట్యూబెక్టమీ చేయించుకోవాలంటే, సమ్మతి పత్రంపై సంతకం చేశాక మామూలుగా 30 రోజులు ఆగాలన్న నిబంధన 1978 నుంచి ఉంది. పేద, నల్లజాతి, లాటినా స్త్రీలకు తెలియకుండా, బలవంతంగా చేసిన ఆపరేషన్లు బయటపడినందువల్ల వచ్చిన నిబంధన అది; ఏడాది కాదు, నెల. అయినప్పటికీ సంతకం ఆలస్యమైన కారణంగా, ప్రసవ సమయంలో ఆపరేషన్ కోరుకున్న స్త్రీలు అది జరగకుండానే ఇంటికి వెళ్లవలసి వస్తోందని వైద్యులు దశాబ్దాలుగా అభ్యంతరం చెబుతున్నారు. ఇక పశ్చాత్తాపమే కొలమానమైతే, 1999లో ప్రచురితమైన పెద్ద అమెరికన్ అధ్యయనం ప్రకారం ట్యూబెక్టమీ తర్వాత 14 ఏళ్లలో పశ్చాత్తాపం తెలిపే సంభావ్యత 12.7 శాతం, 30 ఏళ్లు, అంతకు లోపు వయసులో చేయించుకున్నవారిలో 20.3 శాతం. ఆ అంకెలు చూసి స్త్రీలందరినీ ఏడాది ఆపాలని వైద్యులు కోరలేదు. చిన్న వయసులో వచ్చేవారితో మరింత వివరంగా మాట్లాడాలని, తాత్కాలిక పద్ధతుల గురించి ముందే చెప్పాలని, ఆ తర్వాత వారి నిర్ణయాన్ని గౌరవించాలని సూచించారు.