మట్టి గదికి 7,499: యూనిక్ స్టే గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ యూనిక్ స్టే గారికి,

నల్గొండ నుంచి రాయునది ఏమనగా, మేమిక్కడ క్షేమం. నడుం నొప్పులు తగ్గాయి. మామూలు హోటలు గది కాని వింత విడిది అనే పేరుతో కొండ మీద, చెట్టు మీద, నీటి మీద, ఉప్పు మీద, ఎక్కడ వెలిస్తే అక్కడ మీరూ క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

మా చిన్నతనంలో ఊరు దాటితే ఉండడానికి రెండే చోట్లు. చుట్టాలిల్లు, లేదంటే సత్రం. తర్వాత లాడ్జి వచ్చింది. లాడ్జి అబ్బాయి తాళంచెవి చేతిలో పెట్టేవాడు, బకెట్‌కు చిల్లి లేదు, ఫ్యాను తిరుగుతోంది అని చూసుకుంటే పని అయిపోయేది. గది గురించి ఎవరూ కథ చెప్పేవాళ్లు కాదు. మీరు వచ్చాక గదికి కథ ముందు, కంటికి నిద్ర సంగతి తర్వాత.

సంక్రాంతి సెలవుల్లో ఎటైనా పోదామన్నది మా ఆయన. ఎటు అన్నది తేల్చే పని హైదరాబాదులో ఉద్యోగం చేసే మా అమ్మాయి నెత్తికెత్తుకుంది. దసరా నుంచి దీపావళి దాకా మా ఇంటి గ్రూపులో మీ లింకులే. గుడ్ మార్నింగ్ పూలు పంపే మా ఆడపడుచు కూడా దారి దొరక్క ఊరుకుంది. రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్. అమ్మాయి ఒక్కో బొమ్మ చూపిస్తూ ఒక్కో కథ చెప్పేది, పక్కన కూర్చుని తమలపాకు నములుతూ మా అత్తమ్మ వినేది. ఆమెది పాలమూరు వైపు పల్లె. బడికి పోలేదు గానీ, ఇళ్ల విషయంలో ఆమెను మోసం చేయడం కష్టం.

మొదట కేరళ అనుకున్నాం. అలప్పుళ కెట్టువళ్లం. ఒక్క మేకు కొట్టకుండా పలకలను కొబ్బరి తాళ్లతో కట్టిన పడవ, ఒకప్పుడు కుట్టనాడులో వడ్లు మోసేదట. ఇప్పుడు అందులో ఏసీ బెడ్‌రూములు. సాయంత్రం ఐదున్నర దాటితే కదలకూడదు, చేపలవాళ్లు వలలు వేసుకునే వేళ అది. అంటే రాత్రంతా ఒడ్డుకు కట్టేసిన పడవలో పడుకోవాలి.

"వడ్లు మోసే పడవల పండనీకి గన్ని పైసలా బిడ్డా? మనోళ్లు ట్రాక్టర్ల ఊకెనే పంటరు గద" అంది అత్తమ్మ.

మాట అబద్ధం కాదు. పంట కోతల్లో మిర్యాలగూడ మిల్లుల ముందు వడ్ల ట్రాక్టర్లు బారులు కడతాయి. నంబరు వచ్చేదాకా రైతు ఆ ట్రాలీలోనే, ఆ వడ్ల మీదే పడుకుంటాడు. మీ చూపు ఇంకా అటు పడలేదు. పడిన మర్నాడే ట్రాలీకి దోమతెర కట్టి, మూలన ఒక లాంతరు వేలాడదీస్తారని నాకు తెలుసు.

తర్వాత తమిళనాడులో చెట్టినాడు. కారైకుడి చుట్టుపక్కల చెట్టియార్ల మేడలు. బర్మా టేకు స్తంభాలు, కాళ్ల కింద ఆత్తంగుడి పలకలు, సున్నంలో గుడ్డు తెల్లసొన కలిపి అద్దంలా మెరిపించిన గోడలు. నాకు నచ్చింది. అత్తమ్మ ఫోను దగ్గరికి తీసుకుని గోడను పెద్దది చేసి చూసింది. "గోడలకు గుడ్లు పెట్టినోళ్లు కూలోళ్లకు ఏం పెట్టిండ్రో" అని ఫోను నాకిచ్చేసింది. దాంతో చెట్టినాడు మీద నా మనసు విరిగింది.

కశ్మీరు హౌస్‌బోటు మా ఆయనకు నచ్చింది. బయటివాళ్లు భూమి కొనకూడదని అక్కడి రాజుగారు పట్టుపడితే ఇంగ్లీషువాళ్లు నీళ్ల మీదే ఇళ్లు కట్టించుకున్నారని చదివాడు. రెండు ప్లాట్ల కోసం రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగిన మనిషి. అప్పటినుంచి పానగల్ ఉదయసముద్రం చెరువు మీదుగా వెళ్లినప్పుడల్లా బండి ఆపి నీళ్లను కొలిచినట్టు చూస్తున్నాడు.

మీ ప్రకటనల్లో నాకు అర్థం కాని మాటలు రెండున్నాయి. ఒకటి, "ఊరి బావి నీళ్లు నేరుగా చేదుకుని తాగండి." అయ్యా, మాది నల్గొండ. నీళ్లలో ఫ్లోరైడు తీయడానికి పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. బావి నీళ్లనగానే మాకు కవిత్వం రాదు, పళ్లూ మోకాళ్లూ గుర్తొస్తాయి. రెండోది, "ఆకాశం కింద స్నానం." దానికి అదనపు రేటు. నేను పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తగారి ఊళ్లో ఆకాశం కిందే స్నానం. మూడు వైపులా కంది కట్టె తడిక, నాలుగో వైపు గేదె. చీకటితో లేచి, నాలుగు చెంబులు పోసుకుని, తడి చీరతో ఇంట్లోకి పరుగు. పైకప్పున్న బాత్రూము కోసం మా ఆయనతో మూడేళ్లు పోట్లాడాను. ఇప్పుడా పైకప్పు తీసేస్తే రాత్రికి 2,000 ఎక్కువట.

దగ్గర్లోనే ఏదైనా చూడమని నేను అనకపోలేదు. కృష్ణ ఒడ్డున సోమశిల ఉంది, నల్లమలలో మన్ననూరు ఉంది. పాత నల్గొండ జిల్లాలోనే పోచంపల్లి ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే వచ్చి భూమి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చిన ఊరు. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో దాన్నీ చేర్చింది. మేమైతే అక్కడికి పెళ్లిచీరలకు పోయి సాయంత్రానికి ఇంటికొచ్చే రకం. "అమ్మా, గంటన్నర దూరానికి పోయి స్టేటస్ ఏం పెడతాం?" అంది అమ్మాయి. చివరికి గుజరాత్‌లోని కచ్ ఖాయమైంది. అక్కడి ధోర్డో అనే ఊరికి కూడా ఆ గుర్తింపే వచ్చింది, కాకపోతే మాకన్నా రెండేళ్లు ఆలస్యంగా, 2023లో.

సికింద్రాబాదులో రాజ్‌కోట్ రైలెక్కాం. అక్కడినుంచి భుజ్, భుజ్ నుంచి కారు. భిరండియారా దగ్గర రణ్ అనే ఉప్పు ఎడారిలోకి పోవడానికి పర్మిట్ తీసుకుని, ఆ ఊరి కోవా తిని, పొద్దుగూకే వేళకు మీ గూటికి చేరాం. మా కోసం తీసిన గది భుంగా. గుండ్రటి మట్టి ఇల్లు, పైన గొడుగులా గడ్డి కప్పు. 2001 జనవరి 26 భూకంపంలో పెద్ద పెద్ద మేడలు కూలినా చాలా భుంగాలు నిలబడ్డాయి, గుండ్రంగా ఉండడం వల్ల. అద్దె 7,499. గది 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం పడుతుంది కదా, మా మీద దయతో ఆ గీతకు ఇవతలే ఆపారని తర్వాత తెలిసింది.

లోపల గోడ నిండా మట్టితో పూలు, నెమళ్లు, మధ్యమధ్య చిన్న అద్దాలు. నేనూ అమ్మాయీ ఫొటోలు తీసుకుంటున్నాం. అత్తమ్మ సంచి కింద పెట్టలేదు. గోడ దగ్గరికి పోయి అరచేయి ఆనించింది. చెంప ఆనించింది. తర్వాత వేలి కణుపులతో కొట్టింది, టక్ టక్ మని.

"ఇది మట్టిగోడ కాదే. మీద అలికిండ్రు, లోపల సిమెంటు. మట్టిగోడ ఇట్ల మోగదు."

ఆ రాత్రి చలికి వణుకుతూ నేనూ ఒప్పుకున్నాను. నిజం మట్టి అయితే పగటి ఎండను దాచుకుని రాత్రికి ఇచ్చేది. ఊళ్లో మా గూనపెంకల ఇంటి గోడలు మూరెడు మందం ఉండేవి. 2008లో వాటిని జేసీబీతో పడగొట్టి స్లాబు వేయించాం, నేనే దగ్గరుండి. స్లాబు వేసిన రోజు మేకపోతును కోసి ఊరంతటికీ భోజనాలు పెట్టాం. మేం సిమెంటు ఇంటికి మట్టి రంగు వేయించి ఉంటే ఈపాటికి మీ జాబితాలో ఉండేవాళ్లం.

మీ దగ్గర అత్తమ్మ మనసారా మెచ్చుకున్నది ఒక్కటే, సజ్జరొట్టె మీద వెన్న, బెల్లం. జొన్నరొట్టె తినే చేయి ఆమెది, మూడు తినింది.

రెండో రాత్రి టెంటు. పేరు ముందు రాయల్ అని తగిలించారు. కింద తివాచీ, పైన దీపాల గుత్తి, మూలన హీటరు. దిగగానే ఒక కుర్రాడు ట్యాబు పట్టుకొచ్చి హిందీలో ప్రశ్నలడిగాడు. ఇంతకుముందు ఎప్పుడైనా టెంటులో ఉన్నారా? మేం ముగ్గురం లేదన్నాం.

"బారా సాల్" అంది అత్తమ్మ. పన్నెండేళ్లు.

కుర్రాడు ట్యాబులో వెతికాడు. అంత పెద్ద జవాబుకు అక్కడ చోటు లేదు.

ఆమె హిందీ నేర్చుకున్నది పని కాడ. పెళ్లయిన ఏడాదే, కూలీలను పోగేసి పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని మా మామయ్యా ఆమే లారీ ఎక్కారు. కర్ణాటక, మహారాష్ట్ర, కొన్నాళ్లు ఇదే గుజరాత్. ఎక్కడ డ్యాము కడితే అక్కడ, ఎక్కడ కాలువ తవ్వితే అక్కడ పాలమూరు లేబరు. నాలుగు కట్టెలు పాతి, మీద పరదా కప్పి, లోపల మూడు రాళ్ల పొయ్యి. దేశంలో ప్రాంతానికొక తీరు విడిదిలో ఉన్న అనుభవం మా ఇంట్లో ఎవరికైనా ఉందంటే ఆమెకే. ఒక్కో విడిదికి ఏడాది, రెండేళ్లు. లేక్‌వ్యూ కూడా ఉండేది. కాకపోతే లేకు నిండే సమయానికి వీళ్లను పంపించేసేవాళ్లు. మా ఆయన పుట్టింది అలాంటి ఒక టెంటులోనే. ఏ కాలువ గట్టు మీదో అడిగితే, "కాలువ యాడుండె? మేం తవ్వుతుంటిమి" అంటుంది.

ఆ రాత్రి టెంటులో ఆమె హాయిగా నిద్రపోయింది. మేం ముగ్గురం గుడ్డ టపటపలాడే చప్పుడుకు తెల్లవార్లూ మేలుకునే ఉన్నాం.

పొద్దున ఆరింటికి వాకింగ్ అని బయటికి పోయిన అత్తమ్మ తొమ్మిదైనా రాలేదు. వెతుక్కుంటూ పోతే మీ బఫే హాలు వెనకాల దొరికింది. అక్కడ కొత్త భుంగాలు మూడు లేస్తున్నాయి. దాహోద్ నుంచి వచ్చిన ఒక జంట గోడకు అలుకు పెడుతోంది. వాళ్ల నీలం పరదా గుడిసె పక్కనే ఉంది, అది మీ వెబ్‌సైటులో లేదు. అత్తమ్మ కొంగు నడుముకు దోపి, మోచేతుల దాకా మట్టితో, ఆ జంటలోని పిల్లకు చేయి తిప్పడం చూపిస్తోంది. అరచేయి అంచుతో కింది నుంచి పైకి, సగం చందమామ లెక్క. పేడ తక్కువ పడిందనీ, ఇది ఉప్పు నేల కాబట్టి ఇంకింత పడకపోతే ఎండకాలానికి పెచ్చులు లేస్తుందనీ ఆమె తీర్పు. చాయ్ అప్పటికే రెండుసార్లు అయిందట. పదింటికి గది ఖాళీ చేయాలి రమ్మంటే, చేతిలో ఉన్న గోడ సగంలో వదిలి ఎట్లా వస్తానంది.

గోడ పదకొండున్నరకు పూర్తయింది. మీరు లేట్ చెకౌట్ కింద 1,500, మట్టి అంటిన తువ్వాలుకు 400 వేశారు. కౌంటరు దగ్గర గొడవ ఎందుకని మా ఆయన కట్టేశాడు.

అత్తమ్మ లెక్క వేరు. ఆరు నుంచి పదకొండున్నర దాకా ఐదున్నర గంటల పని, అదీ చేయి తిరిగిన మనిషి పని, పైగా పిల్లకు నేర్పిన పని. ఈసారి అడ్వాన్సు తీసుకోలేదు కాబట్టి కోతలు ఉండకూడదంటోంది. మీరు వసూలు చేసిన 1,900లోంచి ఆమె కూలి ఎంతో తేల్చి పంపగలరు. మేస్త్రి చేతికి మాత్రం ఇవ్వొద్దట, నేరుగా తన ఖాతాలోనే వేయమంటోంది.

ఇట్లు,
మీ రెండు రాత్రుల అతిథి,
నల్గొండ