సవరణ: జేమ్స్ హార్నర్ చివరి సంగీతం

నెల్లూరు సంగీతాభిమానుల కోసం మొన్న పెట్టిన పోస్టులో, 2016లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘ది మాగ్నిఫిసెంట్ సెవెన్’ నేపథ్య సంగీతం మొత్తాన్నీ సంగీత దర్శకుడు జేమ్స్ హార్నర్ బతికుండగానే పూర్తి చేశారని రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాశాను.

హార్నర్ 2015 జూన్ 22న కాలిఫోర్నియాలో విమాన ప్రమాదంలో చనిపోయారు. అప్పటికి ఆ సినిమా షూటింగ్ కూడా పూర్తి కాలేదు. దర్శకుడు ఆంటోయిన్ ఫుక్వాకు చెప్పకుండా, స్క్రిప్టు చదివి ముఖ్యమైన బాణీలు మాత్రం కట్టి ఉంచారు. ఆయన పోయాక సహచరులు వాటిని తీసుకెళ్లి దర్శకుడికి వినిపించారు. ‘టైటానిక్’ రోజుల నుంచి హార్నర్‌తో పనిచేసిన సైమన్ ఫ్రాంగ్లెన్, మిగతా బృందంతో కలిసి, ఆ బాణీలను సినిమాకు తగ్గట్టు పెంచి పూర్తి చేశారు. దర్శకుడు, ఫ్రాంగ్లెన్ అప్పట్లో ఇచ్చిన ఇంటర్వ్యూల్లో ఈ సంగతి ఉంది. టైటిల్స్‌లోనూ సంగీతానికి హార్నర్, ఫ్రాంగ్లెన్ ఇద్దరి పేర్లూ వేశారు.

ఇది చిన్న తేడా కాదు. మన ఊళ్లో పెళ్లి ఆర్కెస్ట్రాలో కీబోర్డు వాయించేవాళ్లకు కూడా తెలుసు, పల్లవి చేతిలో ఉంటే పాట అయిపోయినట్టు కాదు. ప్రతి సీన్‌కీ సెకన్ల లెక్కన సంగీతం కూర్చాలి, ఎక్కడ ఆపాలో తేల్చుకోవాలి. ఆ కష్టం ఫ్రాంగ్లెన్ బృందానిది. నా పోస్టులో వాళ్ల ప్రస్తావనే లేదు.

కావలి మిత్రుడొకరు చివరి టైటిల్స్‌లో వచ్చే ట్యూన్ కూడా హార్నర్‌దేనా అని అడిగారు. కాదు. అది ఇదే పేరుతో 1960లో వచ్చిన పాత సినిమాకు ఎల్మర్ బెర్న్‌స్టీన్ కట్టినది.